గోడ వెనక నీళ్ళు

డోన్‌లో మా తమ్ముడు రఘు కట్టుకున్న కొత్త ఇల్లు చూసి వచ్చి నాలుగు రోజులైంది. ఒంట్లో ఉడుకు ఇంకా తగ్గలేదు. రఘు మా చిన్నాయన కొడుకు. గుట్ట పాదాన్ని తవ్వి, చదును చేసి, అక్కడ ఇల్లు లేపాడు. గుట్ట మట్టి ఇంటి మీదికి జారకుండా వెనకవైపు రెండు నిలువుల ఎత్తున కాంక్రీటు గోడ కట్టించాడు. ఆ గోడ కట్టిన ఇంజనీరు తెలివైనవాడే. వానాకాలం గుట్టలో ఇంకిన నీళ్ళు బయటికి వచ్చేందుకు అడుగున వరసగా పైపు ముక్కలు పెట్టించాడు. వాటిలోంచి ఎర్రనీళ్ళు కారి తెల్లటి టైల్సు మీద చారలు కడుతున్నాయని మా రఘు అన్నింటికీ సిమెంటు కూరించేశాడు. నేను వెళ్ళేసరికి గోడ నడుమున ఉబ్బు కనపడుతోంది. చేయి పెట్టి చూస్తే చల్లగా, చెమ్మగా ఉంది.

"ఏం రఘూ, పైపులన్నీ ఏమిటికి మూపిస్తివి?" అన్నాను.

"టైల్సు పాడైతాండాయక్కా. ఇప్పుడు చూడు, ఎంత నున్నగా ఉండాదో."

"గోడ ఉబ్బింది. నీ కంటికి కనపడల్యా?"

"అది మొదట్నుంచీ అంతే. టీచర్లకు యాడ చూసినా తప్పులే కనపడతాయి. రా, కాఫీ తాగుదువు."

నేను ముప్పై ఏళ్ళు కర్నూలు జిల్లా బడుల్లో భౌతికశాస్త్రం చెప్పాను. నిలబడిన నీళ్ళు కిందికే కాదు, పక్కలకూ నెడతాయి, లోతు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా నెడతాయి, పగలనక రాత్రనక నెడుతూనే ఉంటాయి అని ఏటేటా అదే పాఠం, అదే డబ్బా, అవే మూడు బెజ్జాలు. అడుగు బెజ్జంలోంచి నీళ్ళు అన్నింటికన్నా దూరం చిమ్మితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. రఘు కూడా నా దగ్గరే చదివాడు. ఆ ప్రశ్నకు వాడికి అయిదుకు అయిదు మార్కులు వేసింది నేనే. ఇంకెందుకు చెప్పడం! సూత్రం గుండ్రంగా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళంతా పెద్దయ్యాక పైపులు మూయించుకుంటున్నారు. అయితే నిజం చెప్పాలంటే నా కోపంలో రఘు వాటా సగమే. మిగతా సగానికి వాడు పుట్టకముందటి ఒక బావి కారణం, ఆ బావి సంగతి చెప్పకుండా ఈ కోపం ఎవరికీ అర్థం కాదు.

మా ఊరు డోన్‌కు పడమటగా, ఎండకు పగిలే నల్లరేగడి నేలల్లో ఉంది. ఇంటి వెనక దొడ్లో మా జేజినాయన తవ్వించిన మెట్లబావి ఉండేది. అందులో నీళ్ళే మేం తాగడానికి, గొడ్లకు, దానిమీద మిగిలితే ఉల్లిగడ్డ మడులకు. మా జేజి, అంటే నాయన తల్లి, తెల్లవారగానే మొహం కూడా కడుక్కోకుండా బావిలోకి దిగేది. నీటి పైన ఎన్ని మెట్లు తేలి ఉన్నాయో లెక్కపెట్టి, పైకి వచ్చి, వంటింటి గడపలో నిలబడి "ఈపొద్దు పదకొండు" అనేది. అంతే. ఆ ఒక్క అంకెతో ఆ రోజు ఇంట్లో ఏం జరగాలో తేలిపోయేది. తొమ్మిదిలోపు అయితే తలస్నానాలు, దుప్పట్లు ఉతకడం. పన్నెండు దాటితే మొహం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు. పదిహేను అన్న రోజు మా అమ్మ జొన్నరొట్టెల పిండి కలిపేటప్పుడు కూడా చెంబు వంచడానికి ఆలోచించేది. బావిలోకి దిగితే తడిరాయి వాసన, పాచి వాసన, మెట్ల సందుల్లో కాపురముండే పావురాల రెట్ట వాసన కలిసి వచ్చేవి. బయట నిప్పులు చెరిగే ఎండలో ఆ వాసనకే ప్రాణం లేచొచ్చేది. బడి లేని రోజు నేను అందులోనే ఉండేదాన్ని. ఊరి ఆడపిల్లల్లో ఈత వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ బావికి రాతిగోడ పేర్చింది ఓబులేసు. వాళ్ళది తరాలుగా బావులు తవ్వి రాళ్ళు పేర్చే ఇల్లు. చుట్టుపక్కల పది ఊళ్ళలో బావి అంటే ఓబులేసును పిలవాల్సిందే. రాతికీ రాతికీ మధ్య సున్నం గానీ మట్టి గానీ పెట్టడు. సుత్తి వెనకభాగంతో రాయిని తట్టి, చెవి దగ్గర పెట్టుకొని విని, నచ్చకపోతే పక్కన పడేసేవాడట. అడుగు వరసల్లో అక్కడక్కడ పిడికిలి పట్టేంత సందులు వదిలేవాడు. వాటిని కండ్లు అనేవాడు. బావి కట్టి వెళ్ళిపోవడంతో ఆయన పని అయిపోయేది కాదు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక ఎవరూ పిలవకుండానే వచ్చేవాడు. బావిలోకి దిగి, ఒక్కో కంటిలో చేయి పెట్టి, పేరుకున్న మట్టి, వేర్లు లాగి పారేసేవాడు. అది ఆయన కట్టిన ప్రతి బావికీ జరిగేది. దానికి ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు, ఆయన అడిగేవాడూ కాదు. మా జేజి మాత్రం రొట్టె, ఊరుబిండి పచ్చడి పెట్టి, ఆయన తినేంతవరకు అక్కడే కూర్చొని ఊళ్ళ సంగతులు అడిగేది.

ఒకసారి నేను మెట్టు మీద కూర్చొని, "ఓబులేసూ, ఆ బొక్కలేమిటికి? పాములు దూరవా?" అని అడిగాను. ఆయన వయసు మా నాయనకన్నా ఎక్కువ. అయినా మా ఇళ్ళలో పసిపిల్లలు కూడా ఆయన్ని పేరు పెట్టే పిలిచేవాళ్ళు. అది తప్పని అప్పుడు ఎవరికీ తోచలేదు.

"పాములు దూరితే పోతాయి పాపా. నీళ్ళు అట్ల కాదు," అన్నాడు ఆయన, చేతికి అంటిన బురద కడుక్కుంటూ. "గోడ ఎనకాల మట్టి ఉండాదే, వాన పడితే అది నీళ్ళు తాగుతాది. తాగి తాగి గోడను నూకుతాది. ఈ కండ్ల గుండా నీళ్ళు ఇవతలికొచ్చేస్తే గోడకు బరువుండదు. దోవ ఇయ్యకపోతే ఎన్నాళ్ళయినా ఆడనే కూర్చోని నూకుతానే ఉంటాది. మనిషికి అలుపొస్తాది, నీళ్ళకు రాదు."

ఇంతకన్నా బాగా నేను నా ఉద్యోగమంతా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు ఉన్నప్పుడు మా పొలాలకు కరెంటు వచ్చింది. మా చిన్నాయన కర్నూల్లో ఇంటర్ దాకా చదివి వచ్చినవాడు. ఇంట్లో అందరికన్నా చదువుకున్నవాడు కాబట్టి ఏ కొత్త సంగతైనా ఆయన మాటే చెల్లేది. మా నాయన పెద్దవాడే గానీ నోరు లేని మనిషి. తమ్ముడు ఏం చెప్పినా "సరేలేప్పా" అనేవాడు. చిన్నాయన బావిలో మోటరు పెట్టించాడు. సాయంత్రం మోటరు ఆపాక తెల్లారి జేజి దిగేలోపల నీళ్ళు అనుకున్నంత ఊరడం లేదని గమనించాడు. అక్కడ ఆయన బుర్ర పనిచేసింది. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి మట్టిలోకి కారిపోతున్నాయని తేల్చేశాడు. మా సీమలో పుట్టినవాడు ఇంకెలా ఆలోచిస్తాడు! నీళ్ళు లేక చచ్చినవాళ్ళమే గానీ నీళ్ళు ఎక్కువై గోడలు నెడతాయని మాకు కలలో కూడా రాదు. ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు, అదొక్కటే మా చదువు. సిమెంటు తెప్పించి గోడ మొత్తానికి, అడుగు నుంచి ఒడ్డు దాకా, నున్నగా పూత వేయించాడు. తడిసిమెంటు వాసనతో వారం రోజులు బావి దగ్గరికి పోబుద్ధి కాలేదు. పావురాలు లేచిపోయాయి.

"గోడ ఊపిరి మూస్తాండారు కదరా. ఓబులేసును ఒక్కమాట అడగండి," అంది జేజి.

"వానికేం తెలుసమ్మా? వాడు సిమెంటు చూసింటే కదా," అన్నాడు చిన్నాయన.

ఆ ఏడు వానల తర్వాత ఓబులేసు ఎప్పటిలాగే వచ్చాడు. బావిలోకి తొంగి పూతను చూశాడు. చిన్నాయన ఊళ్ళో లేడు. ఓబులేసు మా నాయన దగ్గరికి వచ్చి, "రెడ్డీ, ఆరంటే ఆరు కండ్లు తీసిపోతా. సెలవియ్యి," అని అడిగాడు. నాయన జేజి వైపు చూశాడు. జేజి తల ఊపింది. నాయన ఏమీ అనలేదు, ఆయన ఏమీ అనకపోతే సరేనన్నట్టే. ఓబులేసు గడ్డపారతో నీటిమట్టానికి మూరెడు పైన ఆరుచోట్ల పూత పగలగొట్టాడు. ఒక్కో పోటు పడగానే బురదనీళ్ళు బుస్సుమని చిమ్మాయి. ఆయన మొహం మీద, ఒంటి మీద పడుతుంటే నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. "చూసినావా పాపా, ఎంత కోపంగా ఉండాయో," అన్నాడు.

రెండు రోజులకు చిన్నాయన వచ్చాడు. బావిలో నీళ్ళు నల్లగా ఉన్నాయి, మోటరు బురద పీల్చి ఆగిపోయింది. ఆయన పెట్టిన పూతకు ఆరు బొక్కలు. ఆయనకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది, అది బురద మీద కోపం కాదు, చదువుకున్నవాడి పని మీద చదువులేనివాడు గడ్డపార వేశాడన్న కోపం. నీళ్ళు వచ్చే దారి ఉంటే అదే దారిన పోతాయి కూడా అని ఇంకో వాదం కలుపుకున్నాడు. మోటరు కోసం వేసిన దూలాల కింద ఇరుకులో మూడు బొక్కలు ఉన్నాయి, పెద్దవాళ్ళు దూరలేరు. "మ్మీ, నీకు ఈత వచ్చు కదా. దిగుతావా?" అని నన్ను అడిగాడు. నన్ను! ఇంట్లో ఎవరూ ఏ పనికీ అడగని నన్ను చిన్నాయన అడిగాడు. బాండ్లీలో సిమెంటు కలిపి తాడుతో దించాడు. నేను నీళ్ళలో నిలబడి, ముద్దలు తీసి, ఆరింటిలోనూ కూరి కూరి పెట్టాను. పైనుంచి ఆయన "శభాష్, మేస్త్రీవైపోతివి పో!" అంటుంటే ఒళ్ళు పొంగిపోయింది. చేతులు రెండు రోజులు మండాయి. జేజి ఆముదం రాస్తూ ఏమైందని అడిగితే సున్నం తగిలిందని చెప్పాను. అబద్ధం ఎందుకు చెప్పానో నాకు తెలుసు. చేసింది తప్పని లోపల తెలుసు కాబట్టే చెప్పాను. ఆ ఏడు తర్వాత మా ఇంటి నుంచే కబురు పోయింది, బావి జోలికి రావొద్దని. ఓబులేసు మళ్ళీ మట్టి తీయడానికి రాలేదు.

ఆ తర్వాత చాన్నాళ్ళు ఏమీ కాలేదు. నన్ను ఇప్పటికీ విసిగించేది ఇదే. తప్పు చేసిన మరునాడే గోడ కూలి ఉంటే అందరికీ బుద్ధి వచ్చేది. నీళ్ళు అలా చేయవు. మొదటి ఏడు పూత నున్నగా, గట్టిగా ఉంది, చిన్నాయన వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. రెండో ఏడు చెమ్మ దిగి తెల్లటి ఉప్పు పూసింది. వెంట్రుకంత చీలికలు వచ్చాయి. ఒకరోజు జేజి పైకి వచ్చి అంకె చెప్పకుండా, "ఎనిమిదో మెట్టు కాడ గోడ నా భుజానికి తగులుతాండాది. మునుపు తగిలేది కాదు," అంది. "నువ్వు లావైనావులేమ్మా," అని చిన్నాయన నవ్వాడు. అందరం నవ్వాం. ఎండాకాలం మట్టి ఆరి వెనక్కి తగ్గేది, వానకు మళ్ళీ తాగి ముందుకు నెట్టేది. ప్రతిసారీ గోడ ముందుకు జరగడమే గానీ వెనక్కి పోవడం లేదు.

మూడో ఏడు తుపాను వాన వారం రోజులు పట్టింది. మా ఊళ్ళో అంత వాన నేను అంతకుముందు చూడలేదు. బావి మూడో మెట్టు దాకా నిండింది. లోపలి నీళ్ళు గోడను అటు నెడుతున్నాయి, వెనకటి నీళ్ళు ఇటు నెడుతున్నాయి, కాబట్టి గోడ నిలబడింది. వాన వెలిశాక, ఒడ్డు మీదుగా చెత్తనీళ్ళు పడ్డాయి కదా, మొత్తం తోడేసి శుభ్రం చేద్దామని చిన్నాయన పొద్దున్నే మోటరు వేశాడు. లోపల నీళ్ళు గంటగంటకూ దిగుతున్నాయి. గోడ వెనకవి ఎక్కడికి పోతాయి? మధ్యాహ్నం అన్నాలు తింటుండగా నేల అదిరింది. బయటికి పరిగెత్తి చూస్తే గోడ మూడోవంతు, మెట్లతో సహా, మోటరుతో సహా, అడుక్కి పోయింది. మా అమ్మ బిందెతో అన్నానికి ముందే పైకి వచ్చింది కాబట్టి బతికింది. జేజి పొద్దుగూకేదాకా ఒడ్డునే కూర్చుండిపోయింది. ఆ మరుసటి పొద్దు నుంచి మా ఇంట్లో అంకె లేదు.

నాలుగు రోజులకు మా ఇంటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. "సున్నం లేకుండా ఉత్తరాళ్ళు పేరిస్తే ఏమైతాది? నేను పూత ఏపించినందుకే ఇన్నాళ్ళు నిలబడింది," అన్నాడు చిన్నాయన.

ఓబులేసు నిలబడే మాట్లాడాడు. "రెడ్డీ, నేను ఆరు కండ్లు తీసింటి. పెద్దరెడ్డికి తెలుసు. అవి తెరుచుకోనుంటే గోడ పడేది కాదు. ఎవురో మూసినారు."

"ఎవురు మూసినారు? ఎవురు చూసినారు?" అన్నాడు చిన్నాయన. ఆయన నా వైపు చూడలేదు. నేను మా నాయన పక్కన, ఆయన మోకాలికి ఆనుకొని కూర్చొని ఉన్నాను. నాయన "కండ్లు తీసిన మాట నిజమే" అని గొణిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. నేను నోరు తెరవలేదు. చివరికి ఓబులేసు పనిలో పస లేదని, ఇకపై బావి పనికి ఆయన్ని పిలవకూడదని తేల్చారు. ఆ మాట పది ఊళ్ళకూ పాకింది. ఏడాది తిరక్కముందే ఓబులేసు ఇల్లు మూసి, పెళ్ళాం పిల్లలతో బేతంచెర్ల వైపు నాపరాళ్ళ గనుల్లో బండలు కొట్టడానికి పోయాడు. రాయిని తట్టి వినే మనిషి బరువులు మోసే కూలి అయ్యాడు.

తొమ్మిదో తరగతిలో ద్రవపీడనం పాఠం వచ్చిన రోజు నేను మధ్యలో లేచి బయటికి పోయాను. అయ్యవారు కడుపునొప్పి అనుకున్నారు. తర్వాత ఆ పాఠమే నా బతుకుతెరువు అయింది. చిన్నాయన పోయేముందు, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు, ఇక ఆగలేక అడిగాను. "చిన్నాయనా, ఓబులేసు బొక్కలు మనమే మూస్తిమి కదా?" అని. ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఏ బొక్కలు మ్మీ?" అన్నాడు. నటన కాదు, ఆయనకు గుర్తు లేదు. నేను మంచం పక్కన కూర్చొని పళ్ళు కొరుక్కున్నాను. ఇన్నేళ్ళు నేను మోసినది ఆయన ఎప్పుడో దించేసి, ఎక్కడ దించాడో కూడా మరిచిపోయాడు.

ఇప్పుడు మా ఇళ్ళలో ఎవరూ మెట్లు లెక్కపెట్టరు. బోరు, పైన ట్యాంకు, తాగడానికి క్యాను. నీళ్ళు ఎక్కడ ఉన్నాయో, ఎంత ఉన్నాయో, దేన్ని నెడుతున్నాయో ఎవరికీ అక్కరలేదు. ఆ కాలం గొప్పదని నేననను. ఆ కాలంలో తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట వినలేదు. ఈ కాలంలో అందరూ చదివారు, వాళ్ళ మాట వాళ్ళే వినరు.

రఘు ఇంట్లో కాఫీ తాగాక నేను మొండికేశాను, ఎవరైనా పనివాణ్ణి పిలిచి గోడ చూపిస్తేగానీ కదలనని. నా పోరు పడలేక ఎవరికో ఫోన్ చేశాడు. అరగంటకు మోటారుసైకిల్ మీద దాదాపు నా వయసు మనిషి వచ్చాడు. గోడను సుత్తి వెనకభాగంతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. అలా వినే మనిషిని నేను జన్మలో ఒక్కణ్ణే ఎరుగుదును. ఏ ఊరని అడిగితే మా ఊరే చెప్పాడు. పేరు సుంకన్న, ఓబులేసు కొడుకు. తండ్రి పోయి చాలా ఏళ్ళయిందన్నాడు. "పైపులు తెరవాల సార్, ఈ వానలకు ముందే," అని రఘుకు చెప్పాడు. "చూద్దాంలేప్పా," అని రఘు ఫోన్ మోగితే లోపలికి పోయాడు.

మేమిద్దరం ఆ చెమ్మగోడ ముందు మిగిలాం. "సుంకన్నా, మా బావికి మీ నాయన తీసిన కండ్లు మూసింది నేను," అన్నాను.

"తెలుసమ్మా," అన్నాడు సుంకన్న.

"ఎట్ల తెలుసు?"

"గోడ పడినాక నాయన బావిలోకి దిగి చూసినాడంట. కంట్లో కూరిన సిమెంటు ముద్ద ఒకటి దొరికింది. దాని మీద చేతి ఏళ్ళ అచ్చులుండాయి, చిన్నపిల్ల ఏళ్ళు. ఆ బావిలో ఈదే చిన్నపిల్ల ఇంకెవరుండారు? టవల్లో చుట్టుకోని పంచాయితీకి తెచ్చినాడు."

"మరి ఏమిటికి చూపీలేదు? చూపించాల కదా!" నా గొంతు నాకే తెలియకుండా పెద్దదైంది.

"చూపిద్దామనే వచ్చినాడమ్మా. ముందు నీ అంతట నువ్వే చెప్తావేమోనని చూసినాడంట. శానాసేపు నీ దిక్కే చూస్తా నిలబడినాడంట. నువ్వు తలకాయ దించుకోని ఉంటివి. ఇంగ ఆ పాపను నలుగురిలో నిలబెట్టినా రెడ్లు నా మాట నమ్మరులే అని, పోతాపోతా వంక నీళ్ళల్లో పారేసినాడు. ముసలితనంలో చెప్పినాడు మాకు."

నాకు ఓబులేసు మీద కోపం వచ్చింది. ఆ ముద్ద తీసి అరుగు మీద పెట్టి ఉంటే నాకు నాలుగు దెబ్బలు పడేవి, అంతే. ఆ దెబ్బలు ఆయన నాకెందుకు ఇప్పించలేదు? నలుగురిలో నన్ను ఎందుకు అడగలేదు? ఈ నాలుగు రోజులుగా అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నాను, ఆయన్ని తిట్టుకుంటూ కూడా అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ ఒక్కచోటికే వచ్చి ఆగుతోంది. ఆయన నన్ను చూస్తున్నాడని సుంకన్న చెప్తే కొత్తగా తెలిసింది కాదు. ఆ రోజు అరుగు మీద నాకది తెలుసు. తెలిసే తల ఎత్తలేదు.